కిడ్నీ నుంచి పాంక్రియాస్‌కి వచ్చిందా? అది పాంక్రియాస్ క్యాన్సర్ కాదు

బరంపురంలో మా ఓపీకి పర్లాకిమిడి, రాయగడ నుంచి, అటు ఇచ్ఛాపురం నుంచి కూడా తెలుగువాళ్ళు వస్తారు. పాంక్రియాస్ అంటే పొట్ట వెనక ఉండే క్లోమం, అరుగుదల రసాలనూ ఇన్సులిన్‌నూ తయారుచేసే గ్రంథి. రిపోర్టులో "పాంక్రియాస్‌లో గడ్డ" అని కనిపిస్తే చాలు, ఇంట్లోవాళ్ళు ఫోన్లో వెతికేసి, ఇక నెలలే అని లెక్క కట్టుకునే వస్తారు. రోగికి మాత్రం గ్యాస్ ట్రబుల్ అని చెప్పి ఉంచుతారు.

అపోహ: పాంక్రియాస్‌కి వచ్చిందంటే ఇక అయిపోయినట్టే.

ముందు అదెక్కడ పుట్టిందో అడగండి. కిడ్నీలో పుట్టి పాంక్రియాస్‌కి చేరిన గడ్డలో ఉండేవి కిడ్నీ క్యాన్సర్ కణాలే. చాలామందిలో అది నెమ్మదిగా పెరుగుతుంది. పాంక్రియాస్‌కే పరిమితమై, పూర్తిగా తీసేయడానికి వీలైనవాళ్ళలో సగానికి పైగా ఆపరేషన్ తర్వాత 5 ఏళ్ళు దాటుతున్నారు. పాంక్రియాస్‌లోనే పుట్టిన మామూలు క్యాన్సర్‌లో ఆ మాట అనలేం. మందులూ వేరే. కిడ్నీ రకానికి మామూలు కీమో దాదాపు పనిచేయదు. సునిటినిబ్, కాబోజాంటినిబ్ లాంటి మాత్రలు, ఇమ్యునోథెరపీ (ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందులు) వాడతాం.

అపోహ: కిడ్నీ తీయించి పదేళ్ళయింది, దానికీ దీనికీ ఏం సంబంధం?

ఉంది. పాంక్రియాస్‌కి ఇది తరచుగా అంత ఆలస్యంగానే వస్తుంది. పర్లాకిమిడి వైపు నుంచి ఒక పెద్దాయన్ని తీసుకొచ్చారు. సీటీలో గడ్డ చుట్టూ ఉన్న పాంక్రియాస్ కంటే తెల్లగా మెరుస్తోంది. అక్కడే పుట్టే మామూలు క్యాన్సరైతే సాధారణంగా నల్లగా కనిపిస్తుంది. చొక్కా ఎత్తి చూస్తే నడుం పక్కన పొడవాటి పాత కుట్లు. "ఇదేంటి బాబూ?" అని కొడుకుని అడిగితే, "అది ఎప్పుడో తగ్గిపోయింది కదండీ, చెప్పలేదు" అన్నాడు. ఆయన భార్య మాత్రం పాలిథీన్ కవర్లోంచి పాత బయాప్సీ కాగితం తీసింది: క్లియర్ సెల్, అంటే కిడ్నీ క్యాన్సర్‌లో ఎక్కువగా కనిపించే రకం. వేరే రకం గడ్డలు కూడా అలా మెరుస్తాయి కాబట్టి ఎండోస్కోపీతో ముక్క తీయించాం, అదే తేలింది. పాంక్రియాస్ తోక భాగం, దాని పక్కనే ఉండే ప్లీహం (స్ప్లీన్) తీసేశాం. ఇప్పుడు చెకప్‌కి వస్తే ఆయన గొడవంతా షుగర్ గురించే, మామిడిపండు తిననివ్వట్లేదని.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. కత్తి పడితే క్యాన్సర్ పాకుతుందన్నది వట్టి పుకారు, విని విని విసుగొచ్చింది. పాంక్రియాస్ మొత్తం తీసినా మనిషి బతుకుతాడు. కాకపోతే జీవితాంతం ఇన్సులిన్, తిండితో పాటు ఎంజైమ్ మాత్రలు తప్పవు. ప్లీహం తీస్తే నిమోనియా వంటి వాటికి టీకాలు మానకూడదు. ఉద్దానం కిడ్నీ జబ్బు వేరు, అది క్యాన్సర్ కాదు.

అందరికీ ఆపరేషనే అనీ అనుకోవద్దు. ఎముకలకో లివర్‌కో కూడా పాకితే సాధారణంగా ముందు మందులే. ఆపరేషన్ చిన్నది కాదు, పాంక్రియాస్ రసం కారి వారాల తరబడి ట్యూబుతో ఉండాల్సి రావచ్చు. ఇలాంటివి తరచుగా చేసేచోటే చేయించుకోండి. వచ్చేటప్పుడు పాత కిడ్నీ ఆపరేషన్ కాగితాలు తెచ్చుకోండి. పోయుంటే, అప్పట్లో పరీక్ష చేసిన ల్యాబులో స్లైడులు, గడ్డ ముక్కను భద్రపరిచిన మైనపు బ్లాకులు ఉన్నాయేమో ఒక్క ఫోన్ చేసి కనుక్కోండి.