ముందు బొటనవేలా, వెనుక చూపుడువేలా

సఖినేటిపల్లి రేవులో పంటు (జనాన్నీ బళ్లనూ దాటించే పెద్ద పడవ) ఎక్కి నరసాపురం వైపు గోదావరి పాయ వశిష్ఠను దాటే ప్రతిసారీ, జనం ఫోన్లు ఎలా పట్టుకుంటారో గమనించడం నాకు అలవాటు. ఒక చెయ్యి మోటారు సైకిలు హ్యాండిల్ మీదో, పంటు కమ్మీ మీదో, కూరల సంచి మీదో ఉంటుంది. ఫోనుకు మిగిలేది రెండో చెయ్యి ఒక్కటే. జేబులోంచి తీయడం, తాళం తెరవడం, అవతలి ఒడ్డున ఎదురుచూసేవారికి కబురు చెప్పడం అన్నీ ఆ ఒక్క చేతితోనే జరగాలి. వేలిముద్ర సెన్సర్ ఫోనుకు ముందువైపు ఉండాలా, వీపున ఉండాలా అన్న వాదాన్ని చాలామంది ఎవరి ఇష్టం వారిదని తేల్చేస్తారు. ఏ వేలు, ఏ భంగిమలో, ఎంత బరువు మోస్తూ దాన్ని తాకాలో చూస్తే ఆ వాదంలో బోలెడంత భౌతికశాస్త్రం కనిపిస్తుంది.

ముందుగా బరువు సంగతి. ఇప్పటి ఫోను పొడవు సుమారు 16 సెంటీమీటర్లు, బరువు 180 నుంచి 200 గ్రాములు. గరిమనాభి, అంటే బరువంతా ఒక్కచోటే ఉన్నట్టు పనిచేసే బిందువు, దాదాపు నడిమధ్యన, అంటే కింది అంచుకు 8 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. ముందువైపు సెన్సర్‌కు చోటు దొరికేది తెరకు దిగువన ఉండే సన్నని పట్టీలోనే. ఒంటిచేత్తో దాన్ని అందుకోవాలంటే బొటనవేలు లోపలికి ముడుచుకోవాలి, దానికోసం అరచేయి మొత్తం కిందికి జారాలి. అప్పుడు పట్టు అడుగున, బరువు పైన మిగులుతాయి. పొడవాటి గెడను మొదట్లో పట్టుకుని నిలబెట్టినట్టు, కాస్త కుదుపు తగిలినా పైభాగం తూలుతుంది. వీపున సెన్సర్ ఉన్నప్పుడు కథ వేరు. చేయి ఫోనును మామూలుగా పట్టుకుంటే చూపుడువేలి కొన తనంతట తానే వెళ్లి ఆనేది పైనుంచి మూడో వంతు దగ్గర, గరిమనాభికి కాస్త ఎగువన. సెన్సర్‌ను తాకే వేలే ఫోనుకు వెనుకనుంచి ఊతం కూడా ఇస్తుంది. నా పాత ఫోనుకు సెన్సర్ ముందువైపు మీటలో ఉండేది. పంటు రేవుకు తగిలి కుదిపిన ఒక సాయంత్రం అది బొటనవేలి కిందనుంచే పల్టీ కొట్టి ఇనుప రేకు మీద బోర్లా పడింది. ఆ పగులును ఆరు నెలలు చూస్తూ గడిపాక గానీ ఈ గరిమనాభి లెక్క నాకు తట్టలేదు.

సెన్సర్ చోటు మారుతూ వచ్చిన తీరులో చేతి సౌకర్యం కంటే తెర పెత్తనమే ఎక్కువ. 2011 నాటి మోటరోలా ఏట్రిక్స్‌లో సెన్సర్ వీపు పైఅంచున, పవర్ బటన్‌తో కలిసి ఉండేది. దానిమీద వేలిని లాగాల్సి వచ్చేది. 2013లో ఐఫోన్ 5ఎస్ దాన్ని ముందువైపు హోమ్ బటన్‌లోకి తెచ్చి, ఊరికే ఆనిస్తే చాలనిపించింది. మరుసటి ఏడాది హువావే మేట్ 7లో అదే ఆనించే పద్ధతి వీపుకు చేరింది. 2017 నాటికి తెరలు నిలువునా సాగి దిగువ పట్టీని మింగేశాయి. ఆ ఏడాది వచ్చిన గెలాక్సీ ఎస్8లో హోమ్ బటన్ పోయి, సెన్సర్ వెళ్లి కెమెరా పక్కన కూర్చుంది. వెతుక్కునే వేలు తరచుగా కెమెరా అద్దం మీదే పడి జిడ్డు పూసేది. ఆ విమర్శ న్యాయమైనదే, అయితే తప్పు వీపుది కాదు, వీపున ఎంచుకున్న మూలది. నడుమ కాస్త గుంటగా ఉన్న సెన్సర్‌ను చీకట్లో కూడా వేలు తడుముకోకుండా పట్టేస్తుంది.

ఇక చర్మం దగ్గరకు వద్దాం. వేలికొన మీది ముద్ర గట్లూ బోదెలూ తీసిన చేను లాంటిది. ఒక గట్టుకూ పక్క గట్టుకూ మధ్య దూరం సుమారు అర మిల్లీమీటరు. కెపాసిటివ్ సెన్సర్‌లో అతి చిన్న లోహపు పలకలు వరుసలుగా ఉంటాయి. అంగుళానికి 500 చుక్కల చొప్పున చదివే సెన్సర్‌లో ఒక్కో చుక్క 0.05 మిల్లీమీటర్లు, కాబట్టి ఒక గట్టూ దాని పక్క బోదే కలిపి పది చుక్కల్లో పడతాయి. చర్మం విద్యుత్తును కొంత ప్రవహింపజేస్తుంది గనుక, పలకకు ఆనుకున్న గట్టు దగ్గర విద్యుత్తును నిలవచేసే సామర్థ్యం పెరుగుతుంది; బోదెలో గాలి ఉండటం వల్ల అక్కడ తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గుల పటమే వేలిముద్ర. బోదెల్లోకి నీరు చేరితే నీరు కూడా విద్యుత్తును మోస్తుంది కాబట్టి ఈ తేడా చెరిగిపోతుంది. వరదకు మునిగిన చేలో గట్టు ఎక్కడుందో ఒడ్డున నిలబడినవాడికి తెలియదు. తడి వేలి కింద సెన్సర్ పరిస్థితీ అంతే. రొయ్యల చెరువు గట్టు మీద మేత వేసి, రొయ్యలు మేత తిన్నాయో లేదో తెలిపే చెక్ ట్రే ఎత్తి చూసి, అదే చేత్తో ఫోను తీసేవారికి ఇది రోజూ ఎదురయ్యే ఇబ్బందే. చేతులు చాలాసేపు నీళ్లలో నానితే మరొకటి తోడవుతుంది. వేలి కొనలు ముడతలు పడతాయి. నాడుల ప్రేరణతో లోపలి రక్తనాళాలు సంకోచించడం దానికి కారణం, నరం దెబ్బతిన్న వేలికి ఆ ముడతలు రావు. సెన్సర్ ముందున్నా వెనకున్నా నానిన వేలిని అది పోల్చుకోలేదు. ఈ తడి తంటాను సెన్సర్ ఉన్న చోటుకు అంటగట్టి, వీపున ఉన్నది పనికిరాదనో ముందున్నది పనికిరాదనో తీర్పు చెప్పేవారిని చూశాను. చోటు వేరు, చదివే పద్ధతి వేరు.

తెర లోపలే దాగిన సెన్సర్ ఈ తగవును తీర్చిందని కొందరంటారు. 2018 జనవరిలో వివో ఎక్స్20 ప్లస్ యూడీ ఆ దారి తెరిచింది. చుక్కచుక్కా తానే వెలిగే ఓఎల్ఈడీ రకం తెరలో ఆ చుక్కల (పిక్సెళ్ల) సందుల్లోంచి వెలుగు అటూ ఇటూ పోగలదు గనుక, తెర తానే వేలి మీద వెలుగు వేస్తే కింద ఉన్న చిన్న కెమెరా లాంటి సెన్సర్ ఆ బొమ్మను పట్టుకుంటుంది. తెల్లవారుజామున చెరువు దగ్గర ఆ వెలుగు కళ్లలో గుచ్చుతుందన్నది నా సొంత ఫిర్యాదు. అల్ట్రాసోనిక్ రకం వెలుగుకు బదులు శబ్ద తరంగాలు పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి గట్లను గుర్తిస్తుంది; తడిని కొంత మెరుగ్గా తట్టుకుంటుంది, కానీ పైన అంటించిన గ్లాసు మందమైతే తడబడుతుంది. పైగా రెండింటిలోనూ వేలు దిగాల్సిన చోటు మళ్లీ తెర దిగువ భాగమే, కాబట్టి మొదట చెప్పిన తూలుడు తిరిగొచ్చింది. పక్క అంచున పవర్ బటన్‌లో పెట్టే సెన్సర్ మధ్యేమార్గం. కుడిచేతి బొటనవేలికి సుఖంగా ఉంటుంది, ఎడమచేత్తో పట్టుకునేవారు చూపుడువేలినో నడిమి వేలినో అలవాటు చేసుకోవాలి.

ఇంతవరకూ నా మొగ్గు వీపు వైపే. పంటు మీద, చెరువు గట్టు మీద, బస్సులో కమ్మీ పట్టుకుని నిలబడ్డప్పుడు నాకు అంతకంటే మంచి చోటు కనిపించలేదు. అయితే వీపు సెన్సర్ ఆచరణలో ఒక్కో చేతికి ఒక్కో వేలినే అడుగుతుంది: చూపుడువేలు. ఆ వేలే అరిగిపోయి ఉంటే? నరసాపురం పరిసరాల్లో లేసు అల్లే స్త్రీల చేతుల్ని దగ్గరగా చూడండి. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ కలిసి కొక్కెం సూదిని పట్టుకుంటాయి. ఎడమచేతి చూపుడువేలి మీదుగా దారం రోజంతా రాసుకుంటూ జారుతుంది. మా వీధిలో ముప్పై ఏళ్లుగా అల్లుతున్న ఒక పెద్దమ్మ చూపుడువేలి కొన నున్నగా మెరుస్తుంది, గట్లు కంటికి ఆనవు. వీపున సెన్సర్ ఉన్న ఫోను ఆమెకు వారానికి ఒకటి రెండుసార్లు తెరుచుకునేది. వేరే వేలు నమోదు చేద్దామన్నా, ఫోనును చేతిలో పట్టుకుని ఉంగరపు వేలిని వీపు నడుమకు చేర్చడం ఎంత కష్టమో ఒకసారి ప్రయత్నిస్తే తెలుస్తుంది.

ఎక్కువ వేళ్లు నమోదు చేయడానికి చిన్న మూల్యం ఉంది. ఐఫోన్ వేలిముద్ర పద్ధతిలో పరాయి వేలు పొరపాటున సరిపోయే అవకాశం ఒక్క వేలికి 50,000లో 1 అని ఆపిల్ చెబుతుంది. ఐదు వేళ్లు నమోదైతే అది 10,000లో 1 అవుతుంది. ఇంట్లో వాడే ఫోనుకు ఆ తేడా లెక్కలోకి రాదు.

ఇప్పుడు ఆ పెద్దమ్మ దగ్గరున్నది మనవడు వాడి వదిలేసిన పాత ఫోను, సెన్సర్ ముందువైపు మీటలో ఉన్నది. అది పట్టుకోవాల్సిన పనే లేకుండా చాప మీద, దారపు ఉండ పక్కన వెల్లకిలా పడి ఉంటుంది. మోగినప్పుడు ఆమె సూది వదలదు. కుడిచేతి ఉంగరపు వేలిని మాత్రం కొద్దిగా చాచి మీట మీద ఆనిస్తుంది.