హబన్ కోడి అడవిలో లారీ బాట

హబన్ కోడి అనే పిట్ట ఉండే శ్రీలంకలోని సింహరాజ అడవిలో రోడ్డు మాట వస్తే, కావాలనేవాళ్లూ వద్దనేవాళ్లూ 2020 నుంచే లెక్క తీస్తారు. ఆ ఏడాది నెలువ–లంకగమ రోడ్డు వెడల్పు చేయడానికి యంత్రాలు దిగాయి. అందులో ఓ కిలోమీటరు పైచిలుకు అడవిలోంచే పోతుంది. రోగిని ఆసుపత్రికి చేర్చే దారి లేదన్నది ఊరివాళ్ల మాట. అప్పటి అధ్యక్షుడు గోటబాయ రాజపక్స స్వయంగా వచ్చి పని కొనసాగుతుందన్నారు.

అసలు ముడి పడింది 1970ల మొదట్లో. కొస్గమ ప్లైవుడ్ మిల్లుకు దుంగల కోసం సింహరాజను చూపించారు. అడవంతా నరకబోము, కొన్ని చెట్లే ఏరి కొడతాం అన్నారు. ఏరిన చెట్టుకైనా లారీ రావాలి కదా! లారీకి బాట కావాలి, బాట వేస్తే పైన కమ్ముకున్న కొమ్మలు పోతాయి. ఎండ నేలకు తగిలిన చోట కెకిల్ల అనే ఫెర్న్ దట్టంగా అల్లుకుంటుంది. దాని కింద మొక్క లేవడం కష్టం.

హబన్ కుకుళాకు, అంటే హబన్ కోడికి, కావాల్సింది సరిగ్గా ఆ నీడే. మన నల్లమల జిట్టకోడికి దగ్గరి చుట్టమైన ఈ అడవికోడి శ్రీలంకలో తప్ప ఎక్కడా లేదు. పుంజుకు నలుపు మీద తెల్లచారలు, పెట్టది ముదురు ఇటుక రంగు, కాళ్లు మాత్రం రెండింటికీ ఎరుపే. రాలిన ఆకులు గీరి పురుగులూ గింజలూ ఏరుకుంటుంది. అలికిడైతే ఎగరడం కంటే పొదల్లోకి పరుగెత్తడమే ఎక్కువ. పొద్దున్నే జంటగా కూస్తాయి, కూత విన్నవాళ్లందరికీ పిట్ట కనపడదు. అంతరించే జాబితాలో లేదు కాబట్టి దీని పేరు మీద ఎవరూ కోర్టుకెక్కరు.

1977లో ప్రభుత్వం మారాక నరికివేత ఆగింది. 1988లో 8,864 హెక్టార్లు యునెస్కో ప్రపంచ వారసత్వ ప్రదేశమయ్యాయి. పాత లారీ బాటలో ఇప్పుడు టూరిస్టులు నడుస్తున్నారు. కొట్టినచోట అడవి మళ్లీ లేచిందిగా అని వాదించేవాళ్లున్నారు. లేచిన మాట నిజమే, లారీలు ఆగాయి కాబట్టి లేచింది.

సింహరాజ బయట మిగిలిన చిన్న అడవుల సంగతి వేరు. ఈ కోడి అక్కడా ఉంది. వాటిని అటవీ శాఖకు అప్పగించిన 2001 నాటి సర్క్యులర్‌ను రోడ్డు గొడవ జరిగిన ఏడాదే, నవంబరులో రద్దు చేశారు. సాగుకు భూమి కావాలన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. అక్కడ చెట్టు కొడితే యునెస్కోకు జవాబు చెప్పనక్కర్లేదు.