రెండు ఒడ్ల పరుగు: ఐబెరో-అమెరికన్ అథ్లెటిక్స్ వెనక కథ

2024 ఆగస్టు 9న పారిస్ ఒలింపిక్స్‌లో పురుషుల ట్రిపుల్ జంప్ ఫైనల్ జరిగింది. 17.86 మీటర్లు దూకి జోర్డాన్ డియాజ్ స్పెయిన్‌కు స్వర్ణం తెచ్చాడు. అతని కన్నా రెండంటే రెండు సెంటీమీటర్లు తక్కువ దూకిన పెద్రో పిచార్డో పోర్చుగల్‌కు రజతం, 17.64తో ఆండీ డియాజ్ ఇటలీకి కాంస్యం అందించారు. టీవీలో చూసినవాళ్లకు అది మూడు యూరప్ దేశాల పోటీ. కానీ ముగ్గురూ పుట్టింది, దూకడం నేర్చింది క్యూబాలో. క్యూబాకు మాత్రం ఆ ఫైనల్లో ఏ పతకమూ రాలేదు.

పిచార్డో 2017లో జర్మనీకి శిక్షణ కోసం వెళ్లిన క్యూబా బృందాన్ని వదిలేసి పోర్చుగల్ చేరాడు. జోర్డాన్ 2021లో పోటీల కోసం స్పెయిన్ వచ్చి మళ్లీ ఇంటికి వెళ్లలేదు. మరుసటి ఏడాదే స్పెయిన్ ప్రభుత్వం ప్రత్యేక ఉత్తర్వుతో అతనికి పౌరసత్వం ఇచ్చింది. మామూలు దారిలో అడిగినా మరీ ఆలస్యం అయ్యేది కాదు. స్పెయిన్‌లో పౌరసత్వం కావాలంటే విదేశీయులు సాధారణంగా పదేళ్లు అక్కడ ఉండాలి. లాటిన్ అమెరికాలోని తమ పాత వలస దేశాల వాళ్లకు, బ్రెజిల్ వాళ్లకు రెండేళ్లు చాలు. పోర్చుగల్, అండోరా, ఈక్వటోరియల్ గినియా, ఫిలిప్పీన్స్ వాళ్లకూ అంతే. ఈ జాబితాలోంచి ఫిలిప్పీన్స్‌ను తీసేసి, స్పెయిన్‌ను, పోర్చుగీస్ మాట్లాడే ఆఫ్రికా దేశాలను కలిపితే ఒక అథ్లెటిక్స్ పోటీ సభ్యుల పట్టిక తయారవుతుంది. ఆ పోటీయే ఐబెరో-అమెరికన్ ఛాంపియన్‌షిప్స్. రెండేళ్లకోసారి జరుగుతుంది. మన పేపర్లలో స్పోర్ట్స్ పేజీ అడుగున కూడా దానికి చోటు దొరకదు.

ఐబీరియా అంటే స్పెయిన్, పోర్చుగల్ ఉన్న ద్వీపకల్పం. పోర్చుగీసువాళ్లను మన పెద్దవాళ్లు బుడతకీచులు అనేవాళ్లు. మేస్త్రీ, ఇస్త్రీ, బాల్చీ, అల్మారా లాంటి మాటలు వాళ్ల నుంచి మనకు వచ్చినవే. మనకు నాలుగు మాటలు వదిలిపోయారు, అట్లాంటిక్ అవతల మాత్రం కోట్లమంది నోట భాషనే మార్చేశారు. అక్కడ పాత భాషలు పూర్తిగా పోయాయనీ కాదు. పరాగ్వేలో ఇవాళ్టికీ జనం ఇంట్లో ఎక్కువగా మాట్లాడేది గ్వారానీ. అయినా పోటీలకు వచ్చేసరికి అది 'స్పానిష్ దేశం' అయిపోతుంది. ఇక అండోరా అధికార భాష స్పానిషూ కాదు, పోర్చుగీసూ కాదు, కాటలాన్. స్పెయిన్ పక్కింటి చిన్న దేశం కాబట్టి బంధువుల లెక్కలో కలిపేశారు.

ఈ బంధుత్వానికి ఒక తేదీ ఉంది, అక్టోబర్ 12. 1492లో కొలంబస్ అమెరికా దీవుల్లో కాలు పెట్టిన రోజు. ఇప్పటికీ స్పెయిన్ జాతీయ దినోత్సవం అదే. 1968లో ఆఫ్రికాలోని తన వలస ఈక్వటోరియల్ గినియాకు స్పెయిన్ స్వాతంత్ర్యం ఇచ్చింది కూడా సరిగ్గా ఆ రోజే. తామొచ్చిన పండగరోజునే తాము పోయే రోజుగా పెట్టుకోవడం ఏం సరదానో! ఫ్రాంకో నియంతృత్వంలో స్పెయిన్ ఈ తేదీ చుట్టూ 'హిస్పానిదాద్' అనే భావాన్ని పెంచి పోషించింది. భాష, మతం, రక్తం కలిసిన ఒక పెద్ద కుటుంబం, దానికి పుట్టిల్లు స్పెయిన్ అన్నది దాని సారాంశం. రెండో ప్రపంచ యుద్ధం తరవాత చాలాకాలం యూరప్‌లో చాలామంది దగ్గరికి రానివ్వని ఫ్రాంకోకు ఐక్యరాజ్యసమితిలో చోటు దొరికింది 1955 డిసెంబర్‌లో. పోర్చుగల్ కూడా అప్పుడే చేరింది. బయట పలకరించేవాళ్లు కావలసిన కాలంలో సముద్రం అవతలి చుట్టాలు గుర్తుకు రావడం సహజమే కదా.

ఆ వాతావరణంలోనే 1960 అక్టోబర్‌లో చిలీ రాజధాని శాంతియాగోలో మొదటి ఐబెరో-అమెరికన్ గేమ్స్ జరిగాయి. పేరుకు గేమ్స్, ఆడింది అథ్లెటిక్స్ ఒక్కటే. అంతకు ఐదు నెలల ముందే, మే 22న, దక్షిణ చిలీని 9.5 తీవ్రతతో భూకంపం కుదిపేసింది. పరికరాలతో కొలిచిన భూకంపాల్లో ఇప్పటికీ దాన్ని మించింది లేదు. ఆ దెబ్బ నుంచి తేరుకుంటూనే ఆ దేశం ఈ పోటీలు పెట్టింది, 1962లో ఫుట్‌బాల్ ప్రపంచ కప్ కూడా నడిపింది.

ఆ పోటీలు జరిగిన ఎస్తాదియో నాసియోనాల్ గురించి ఒక్క మాట చెప్పకుండా ముందుకు పోలేను. 1973 సెప్టెంబర్‌లో సైనిక కుట్ర తరవాత వేలమందిని పట్టుకొచ్చి ఆ స్టేడియంలోనే బంధించారు. చిత్రహింసలు పెట్టారు, చంపారు. ఇప్పుడు స్టేడియం అంతా కొత్త కుర్చీలే. ఎనిమిదో నంబర్ గేటు దగ్గర మాత్రం పాత చెక్క బల్లల వరుసలు రంగు వేయకుండా, ఎండకు వాడిపోయి అలాగే ఉన్నాయి. జ్ఞాపకం లేని జాతికి భవిష్యత్తు లేదని పైన రాసి ఉంటుంది. ఎంత పెద్ద మ్యాచ్ ఉన్నా అక్కడ ఎవరూ కూర్చోరు. 2023 పాన్ అమెరికన్ గేమ్స్‌లో అథ్లెట్లు పరిగెత్తింది ఈ ఖాళీ బల్లల ముందే.

రెండో గేమ్స్ 1962లో మాడ్రిడ్‌లో పెట్టారు. మూడోది జరగనే లేదు. నా మటుకు దీనిలో వింతేమీ కనిపించదు. లాటిన్ అమెరికా అథ్లెట్ల క్యాలెండర్‌లో అప్పటికే ఖాళీ లేదు. దక్షిణ అమెరికా ఛాంపియన్‌షిప్స్ 1919 నుంచి ఉన్నాయి, మధ్య అమెరికా గేమ్స్ 1926 నుంచి, బొలివారియన్ గేమ్స్ 1938 నుంచి, పాన్ అమెరికన్ గేమ్స్ 1951 నుంచి. పైగా నియంత పిలిచిన పేరంటానికి వెళ్లడం అందరికీ ఇష్టమైన పని కాదు. అలా ఇరవై ఏళ్లకు పైగా ఆ పేరు మూలన పడింది.

ఈలోగా రెండు ఇళ్లలోనూ పాలన మారింది. 1974 ఏప్రిల్ 25న పోర్చుగల్‌లో అక్కడి నియంతృత్వాన్ని కూల్చిన కార్నేషన్ విప్లవం వచ్చింది. మరుసటి ఏడాదికల్లా అంగోలా, మొజాంబిక్, కేప్ వెర్దే, సావో తోమే స్వతంత్ర దేశాలయ్యాయి. 1975 నవంబర్‌లో ఫ్రాంకో చనిపోయాడు. ప్రజాస్వామ్య స్పెయిన్‌కు పాత చుట్టరికం కావాలి కానీ పాత పెత్తనం వాసన రాకూడదు. 1982లో ఐబెరో-అమెరికన్ అథ్లెటిక్స్ సంఘం పుట్టింది. 1983 సెప్టెంబర్‌లో బార్సిలోనాలో మొదటి ఛాంపియన్‌షిప్స్ జరిగాయి. అథ్లెటిక్స్‌లో మొట్టమొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్స్ హెల్సింకిలో అయిపోయి అప్పటికి నెల దాటింది, అంతే. దేశాధినేతల ఐబెరో-అమెరికన్ శిఖరాగ్ర సమావేశం మొదలైంది 1991లో, మెక్సికోలోని గ్వాదలహారాలో. అంటే ప్రధానులు, అధ్యక్షులు కలిసి కూర్చోవడానికి ఎనిమిదేళ్ల ముందే వాళ్ల అథ్లెట్లు కలిసి పరిగెత్తారు.

రెండో పోటీ 1986లో హవానాలో జరిగింది. ఇది క్యూబాకు మామూలు పోటీ కాదు. 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌ను సోవియట్ కూటమితో కలిసి క్యూబా బహిష్కరించింది, 1988 సియోల్‌కూ వెళ్లలేదు. మంచి వయసులో ఉన్న ఒక తరం క్యూబా అథ్లెట్లకు రెండు ఒలింపిక్స్ పోయాయి. 800 మీటర్లలో ఆనా ఫిదేలియా కిరోత్, హైజంప్‌లో హవియెర్ సోతోమయోర్ ఆ తరంవాళ్లే. సియోల్ ఒలింపిక్స్ మొదలవడానికి తొమ్మిది రోజుల ముందు సోతోమయోర్ స్పెయిన్‌లోని సాలమాంకాలో 2.43 మీటర్లు దూకి ప్రపంచ రికార్డు పెట్టాడు. 1993లో మళ్లీ అదే ఊళ్లో 2.45 దూకాడు. ఆ రికార్డు ఇంకా చెక్కుచెదరలేదు. ఒలింపిక్స్ తలుపు మూసుకున్నా స్పానిష్ మాట్లాడే తలుపు తెరిచే ఉండేదని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

ఆ తరవాత పోటీలు జరిగిన ఊళ్లు, ఏళ్లు ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. 1992 సెవిల్లె: కొలంబస్ ప్రయాణానికి 500 ఏళ్లు, ఆ ఊళ్లోనే ఎక్స్‌పో (ప్రపంచ ప్రదర్శన). 1998 లిస్బన్: వాస్కో డ గామా కోళికోడ్ చేరి 500 ఏళ్లు, అక్కడా ఎక్స్‌పో. 2000 రియో డి జనీరో: పోర్చుగీసు నావికుడు కబ్రాల్ బ్రెజిల్ తీరం చేరి 500 ఏళ్లు. 2010లో స్పెయిన్‌లోని శాన్ ఫెర్నాందో. నెపోలియన్ సైన్యం దేశాన్ని ఆక్రమించినప్పుడు, 1810లో, స్పెయిన్ పార్లమెంటు ఆ ఊళ్లోని ఒక నాటకశాలలో సమావేశమైంది. అమెరికా వలసల ప్రతినిధులు కూడా అందులో కూర్చున్నారు. అదే ఏడాది బ్యునోస్ ఐరిస్, బొగొతా, శాంతియాగో, మెక్సికోల్లో స్వాతంత్ర్య పోరాటాలు మొదలయ్యాయి. ఇవన్నీ కావాలని కుదిర్చినవని అనను కానీ, ఇన్ని కాకతాళీయాలంటే నమ్మబుద్ధి కాదు.

ఊళ్ల పేర్లదీ అదే తీరు. 1996లో పోటీలు జరిగిన కొలంబియాలోని మెదెయిన్‌కు స్పెయిన్‌లోని ఓ ఊరి పేరు పెట్టారు. మెక్సికోను జయించిన కోర్తెస్ పుట్టింది ఆ స్పెయిన్ ఊళ్లో. 2018లో పోటీలు పెట్టిన పెరూలోని త్రుహియోకు, అక్కడి ఇన్కా సామ్రాజ్యాన్ని కూల్చిన పిసారో సొంతూరి పేరు. మన హైదరాబాద్ ఒకటి, సింధులో హైదరాబాద్ ఒకటి ఉన్నట్టే. కాకపోతే అక్కడ ఒక ఊరి కత్తి మీదుగా రెండో ఊరికి పేరొచ్చింది.

500 ఏళ్ల సంబరాలు అందరికీ సంబరాలు కాలేదు. 1998లో వాస్కో డ గామా ఉత్సవాల ఆలోచనకు కేరళలో, గోవాలో నిరసనలు వచ్చాయి. 2000 ఏప్రిల్ 22న బ్రెజిల్‌లో అధికారిక వేడుకల వైపు నడిచిన ఆదివాసుల ఊరేగింపు మీద పోలీసులు బాష్పవాయువు ప్రయోగించారు. వెనెజ్వేలా 2002లో అక్టోబర్ 12 పేరును 'ఆదివాసీ ప్రతిఘటన దినం'గా మార్చింది. 2024లో మెక్సికో కొత్త అధ్యక్షురాలు క్లాడియా షేన్‌బామ్ ప్రమాణ స్వీకారానికి స్పెయిన్ రాజును పిలవలేదు. దండయాత్రకు క్షమాపణ చెప్పమని పాత అధ్యక్షుడు రాసిన ఉత్తరానికి రాజు జవాబివ్వలేదన్నది వాళ్ల కోపం. ఇలాంటి చుట్టరికంలో పోటీలు నలభై ఏళ్లు నిలబడ్డాయంటే ఒక కారణం నాకు స్పష్టంగా కనిపిస్తుంది: ట్రాక్ మీద స్పెయిన్ పెద్దన్న కాలేకపోయింది. మొదట్లో క్యూబా, తరవాత బ్రెజిల్ ముందుకొచ్చి కూర్చున్నాయి. అన్ని పోటీల పతకాలు కలిపి లెక్కేసినా బ్రెజిల్‌దే పైచేయి. పేరు ఐబీరియాది, ఊపు అమెరికాది.

పోర్చుగీస్ దేశాలకు విడిగా లూసోఫొనీ గేమ్స్ అని ఉండేవి. 2006లో మకావ్, 2009లో లిస్బన్, 2014 జనవరిలో మన గోవా. 1961 దాకా పోర్చుగల్ పాలనలో ఉన్న పుణ్యమా అని గోవాకు ఆ అర్హత దొరికింది, పతకాల పట్టికలో భారత్ మొదటి స్థానంలో నిలిచింది కూడా.

పోటీకి చారిత్రక బరువు ఎంత ఉన్నా, అథ్లెట్లకు కావలసింది మంచి టైమో దూరమో, ర్యాంకు. పెద్ద స్టార్లు చాలాసార్లు రారు. స్పెయిన్ తరచూ రెండో వరుస వాళ్లను పంపుతుంది. అయినా ఈ పోటీకి ఇప్పుడు కొత్తగా విలువ పెరిగింది. ఇప్పుడు ఒలింపిక్స్‌కు నిర్ణీత టైమో దూరమో అందుకోవడం ఒక దారి అయితే, ప్రపంచ ర్యాంకింగ్ ఇంకో దారి. పోటీ స్థాయిని బట్టి, వచ్చిన స్థానాన్ని బట్టి ర్యాంకింగ్‌లో అదనపు పాయింట్లు కలుస్తాయి. మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్‌లో 12.77 అర్హత టైమ్‌కు సెకనులో వందో వంతు దూరంలో ఆగిపోయి, ర్యాంకింగ్ మీదే పారిస్‌కు వెళ్లింది. హోండురాస్‌లోనో, కేప్ వెర్దేలోనో ఉన్న అథ్లెట్‌కు అలాంటి పాయింట్లు సంపాదించుకునే చోట్లు చాలా తక్కువ. వాళ్లకు ఇది చిన్న పోటీ కాదు.

2016 మే 14 నుంచి 16 వరకు రియోలో జరిగినప్పుడైతే ఇది ఏకంగా ఒలింపిక్స్‌కు రిహార్సల్. పైకప్పు కూలే ప్రమాదం ఉందని 2013లో మూసేసిన ఎంజెన్యావ్ స్టేడియంలోనే ఒలింపిక్ అథ్లెటిక్స్ జరగాలి. ట్రాక్, టైమింగ్, మైదానం పరీక్షించుకోవడానికి ఈ పోటీ పెట్టారు. అప్పటికి రెండు రోజుల ముందే సెనేట్ ఓటుతో అధ్యక్షురాలు దిల్మా రూసెఫ్ పదవికి దూరమయ్యారు. దేశమంతా టెన్షన్‌లో ఉంది. ఆగస్టులో అదే స్టేడియంలో బ్రెజిల్ కుర్రాడు థియాగో బ్రాజ్ పోల్‌వాల్ట్‌లో 6.03 మీటర్లు దాటి ఒలింపిక్ స్వర్ణం గెలిచాడు.

కరోనా వల్ల 2020లో స్పెయిన్ దీవి తెనెరీఫెలో జరగాల్సిన పోటీ రద్దయింది. 2022లో స్పెయిన్‌లోని లా నుసియాలో మళ్లీ మొదలైంది. 2024 మేలో బ్రెజిల్‌లోని కుయాబాకు చేరింది. దక్షిణ అమెరికా ఖండానికి సరిగ్గా నడిబొడ్డు ఇదేనని అక్కడ ఒక రాతి స్తంభం నిలబెట్టారు. ఏ వైపు చూసినా సముద్రం వందల మైళ్ల దూరంలో ఉంటుంది. సముద్రపు ఓడలు రాలేని ఊరు అది.