వరి కోతకు ముందే మినుము చల్లినట్టు

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్ళకు తాతయ్య ఆశీస్సులు.

క్రిస్మస్ పండుగకు వచ్చి తిరిగి హైదరాబాదు బస్సు ఎక్కేముందు మీలో చిన్నది నన్నొక ప్రశ్న అడిగింది. మన మతబోధ నేర్పే సత్యోపదేశం తరగతిలో కొత్త సంవత్సరానికి తీర్మానాలు రాసుకురమ్మన్నారట. పోయిన ఏడు రాసుకున్నవి సంక్రాంతి సెలవులు అయ్యేలోపే మరచిపోయిందట. అలాంటప్పుడు మళ్ళీ రాయడం దేవునితో అబద్ధమాడినట్టు కాదా అని దాని సందేహం. బస్సు కదలబోయే వేళ చెప్పే జవాబు కాదు కాబట్టి అప్పుడు ఊరుకున్నాను. ఆ సందేహం మీ అందరిలోనూ ఉండే ఉంటుందని తోచి అందరికీ కలిపి రాస్తున్నాను.

అబద్ధం కాదు తల్లీ, తప్పకుండా రాయాలి. ఎలా రాయాలన్నది మాత్రం మన పొలాన్ని చూసి నేర్చుకుందాం.

మన దివిసీమ మాగాణుల్లో మినుము వేసే తీరు మీరెప్పుడూ చూడలేదు. వరి కోసి, నేల దున్ని, చదును చేసి అప్పుడు విత్తుతారని మీరనుకుంటారు. అలా ఆగితే నేలలో పదును, అంటే మొలకకు కావలసిన తడి, ఆరిపోతుంది. అందుకే కోతకు రెండు మూడు రోజుల ముందు, వరి ఇంకా నిలబడి ఉండగానే, ఎకరానికి 16 నుంచి 18 కిలోల విత్తనం ఆ దుబ్బుల మధ్య చల్లుతారు. ఆ తరువాత వరి కోసి, కోసిన పైరును పనలుగా పరచి అక్కడే ఆరవేస్తారు. ఈ రోజుల్లో కోత యంత్రాల చక్రాలు నేలను తొక్కివేస్తున్నందువల్ల ఈ పద్ధతి చాలా చోట్ల తగ్గింది గాని, నా చిన్నతనంలో ఊరంతా ఇలాగే చేసేది. పనలు ఎత్తే రోజున నేను మా నాన్నగారి వెంట వెళ్ళేవాణ్ణి. పన ఎత్తి చూస్తే కింద మొలక తెల్లగా పాలిపోయి, మెడ వంచుకొని, ఇక బతకదేమో అన్నట్టు కనిపించేది. మా నాన్నగారు దాన్ని ముట్టుకోనిచ్చేవారు కాదు. ఒకటి రెండు ఎండలు తగలగానే అదే తల ఎత్తి పచ్చబడేది.

మీ తీర్మానాలు కూడా అలాగే విత్తాలి. జీవితమంతా శుభ్రం చేసుకున్నాక, పరీక్షలు అయిపోయాక, మంచి అలవాట్లన్నీ ఒక్కసారే మొదలుపెడతాననుకునేవాడికి ఆ రోజు రానే రాదు. పాత ఏడు ఇంకా నిలబడి ఉండగానే, దాని తడిలోనే చల్లుకోవాలి. మన తల్లి శ్రీసభ, అంటే మన కతోలిక సంఘం, మనకు నేర్పే క్రమం కూడా ఇదే. డిసెంబరు 31 రాత్రి మనం గుడిలో చేరి ముందుగా గడచిన ఏటికి సర్వేశ్వరునికి కృతజ్ఞత చెల్లిస్తాం. ఆ తరువాతనే కొత్త ఏటికి పవిత్రాత్మ సహాయం అడుగుతాం. జనవరి 1వ తేదీ దైవమాత మరియమ్మ మహోత్సవం. ఆనాటి సువిశేష పఠనంలో, గొల్లలు బాలయేసును చూడవచ్చి చెప్పిన సంగతులన్నీ మరియతల్లి హృదయంలో దాచుకొని ధ్యానించిందని లూకా గారు రాశారు. ఆ తల్లి కొత్త ప్రతిజ్ఞలు ఏవో చేసిందని లేదు. జరిగినదాన్ని జాగ్రత్తగా దాచుకుంది. మీరు కూడా కాగితం తీసుకొని, ఏం చేయబోతున్నారో రాసేముందు, పోయిన ఏడు దేవుడు మీకేమి ఇచ్చాడో రాయండి. అదే మీ నేలలోని పదును.

ఇక కాపలా సంగతి. మినుముకు ఒక శత్రువు ఉంది, దాని పేరు బంగారుతీగ. పేరు అందమైనదే, చూడడానికి కూడా పసుపు పచ్చని దారంలా మెరుస్తుంది. దానికి ఆకు ఉండదు, మొలిచి మొక్కను పట్టుకున్నాక నేలలో వేరు కూడా ఉండదు. మినుము కాండాన్ని చుట్టుకొని దాని రసమే తాగి బతుకుతుంది. చిన్న ముక్క మిగిలినా మళ్ళీ అల్లుకుంటుంది, పూసి విత్తనం రాల్చిందంటే ఏళ్ళ తరబడి ఆ చేను వదలదు. అందుకని పూతకు రాకముందే, పట్టుకున్న మొక్కతో సహా పీకి, చేని బయట వేసి తగులబెట్టాలి. సెలవుల్లో అప్పటి పిల్లలమైన మా అందరికీ అదే పని. చేనంతా ఒక్కరోజులో చూడవద్దనీ, రోజుకొక మడి చూసినా ఆ మడిని మాత్రం వంగి చూడాలనీ మా నాన్నగారు చెప్పేవారు.

విజయవాడలోని ఆంధ్ర లొయోలా కళాశాల మీకు తెలుసు. ఆ పేరుగల పునీత లొయోలా ఇగ్నేషియస్ వారు స్పెయిన్ దేశస్థులు, యుద్ధవీరులు. 1521లో పాంప్లోనా కోటలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగి మంచాన పడ్డప్పుడు వారి మనసు దేవునివైపు తిరిగింది. వారు నేర్పిన ఆత్మశోధన సరిగ్గా మడి చూసుకోవడమే. ఒక్క లోపాన్నే ఎంచుకోమన్నారు. రోజుకు రెండు గీతలు గీసుకొని, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి, ఆ లోపంలో ఎన్నిసార్లు పడ్డామో అన్ని చుక్కలు పెట్టుకోమన్నారు. పడిన ఆ క్షణంలోనే గుండె మీద చేయి వేసుకోమన్నారు. నలుగురిలో ఉన్నా ఎవరికీ తెలియకుండా చేయగల పని అది. రాత్రి చుక్కలను మధ్యాహ్నం వాటితో, ఈ వారం వాటిని పోయిన వారం వాటితో పోల్చుకోవాలి. పిల్లలు కూడా చేయదగినంత తేలికైన పద్ధతి కాబట్టే మీకు చెబుతున్నాను. మీ చేతికి ఊడిరాని తీగ ఏదైనా ఉంటే, చేసిన తప్పులు ఒప్పుకునే పాపసంకీర్తనంలో గురువుగారి ముందు చెప్పండి. నెలకొకసారి వెళ్ళే అలవాటు మీ వయసులో పడితే జీవితాంతం మేలు చేస్తుంది.

కనుక ఒక్కటే రాయండి. రోజూ జపమాల మొత్తం చెబుతానని రాసి వారానికే విసిగిపోవడం కంటే, ఉదయం ఫోను అందుకోకముందు సిలువ గుర్తు వేసుకొని ఒక మంగళవార్త జపం చెబుతానని రాయడం మేలు. తమ్ముడిమీద అరవనని రాయవచ్చు. అమ్మ పిలవగానే ఒక్క పిలుపుకే లేస్తానని రాయవచ్చు, మీ అమ్మ చెప్పినదాన్నిబట్టి అది మీ ఇంట్లో చాలా అవసరమని నాకు తెలుసు. మరచిపోయిన రోజున పుస్తకం మూసి పారేయకండి, పన కింద మొలకను తలచుకోండి.

మాగాణి మినుముకు నీరు పెట్టరని చెప్పలేదు కదూ. నేలలో మిగిలిన పదును, రాత్రి కురిసే మంచు, ఆ రెండింటితోనే 75, 80 రోజుల్లో పంట చేతికి వస్తుంది. మంచు ఎప్పుడు పడిందో నిద్రపోయేవాడికి తెలియదు. దేవుని వరప్రసాదం కూడా అలాగే దిగుతుందని నేను నమ్ముతాను గాని, అది ఎలా పనిచేస్తుందో వివరించమంటే నా వల్ల కాదు. మార్కు సువిశేషం 4వ అధ్యాయంలో ప్రభువు కూడా విత్తిన రైతు పడుకొని లేస్తుండగా విత్తనం మొలిచి పెరుగుతుందని, ఎలా పెరుగుతుందో అతడెరుగడని చెప్పి ఊరుకున్నారు.

ఫిబ్రవరి 11న గుణదల లూర్దుమాత ఉత్సవానికి మీరు ఎలాగూ వస్తారు. వచ్చేటప్పుడు చుక్కల పుస్తకం వెంట తెచ్చుకోండి. లోపల ఏముందో నాకు చూపనక్కరలేదు, అది మీకూ దేవునికీ మధ్య సంగతి. అక్కడినుంచి ఒక పూట ఊరికి వచ్చి వెళ్ళండి. అప్పటికి మన చేను పిందె మీద ఉంటుంది. నాకిప్పుడు చూపు సరిగా ఆనడం లేదు కాబట్టి, తూర్పు గట్టు వెంబడి బంగారుతీగ ఎక్కడైనా అల్లుకుందేమో మీరే వంగి వెతికిపెట్టాలి.

ఇట్లు,
మీ తాతయ్య