పసుపు కొమ్ము వేరు, కర్క్యుమిన్ మాత్ర వేరు

జీవక్రియలో భాగంగా పుట్టే ఫ్రీ రాడికల్స్ అనే అస్థిరమైన అణువులు కణాలను కొద్దికొద్దిగా దెబ్బతీస్తాయనీ, ఏళ్ల తరబడి పేరుకున్న ఆ నష్టమే వార్ధక్యమనీ 1956లో అమెరికా శాస్త్రవేత్త డెన్‌హామ్ హార్మన్ ప్రతిపాదించారు. వాటిని అణచే యాంటీఆక్సిడెంట్లను మాత్రలుగా మింగితే ముసలితనం ఆలస్యమవుతుందన్న ఆశ అక్కడ మొదలైంది. ద్రాక్షతొక్కలోని రెస్వెరట్రాల్, గ్రీన్ టీలోని క్యాటెకిన్లు, పసుపులోని కర్క్యుమిన్ మందుల దుకాణాలకు చేరింది ఆ ఆశ మీదనే.

పెద్ద పరీక్ష మాత్రం ఎదురుతిరిగింది. ఫిన్లాండ్‌లో పొగతాగే 29,133 మంది పురుషులపై జరిపిన అధ్యయనంలో, క్యారెట్‌కు రంగునిచ్చే బీటా కెరోటిన్‌ను మాత్రలుగా తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా కనిపించిందని 1994లో తేలింది. ఫ్రీ రాడికల్స్ కేవలం శత్రువులు కావని తర్వాతి పరిశోధనలు చెబుతున్నాయి. వ్యాయామం చేసినప్పుడు పుట్టే ఫ్రీ రాడికల్స్ శరీరం తన రక్షణను తానే పెంచుకోవడానికి సంకేతాలుగా పనిచేస్తాయి. విటమిన్ సి, ఇ మాత్రలు ఎక్కువ మోతాదులో తీసుకుంటే ఆ లాభం తగ్గిందని 2009లో జర్మనీ పరిశోధకులు గమనించారు.

ఇక మన పసుపు సంగతి. దుగ్గిరాల, నిజామాబాద్ మార్కెట్లకు వచ్చే ఎండు కొమ్ముల్లో కర్క్యుమిన్ సాధారణంగా నూటికి రెండు నుంచి ఐదు పాళ్లే ఉంటుంది. మూడు పాళ్లనుకున్నా, మాత్రలో ఉండే 500 మిల్లీగ్రాముల కర్క్యుమిన్‌కు దాదాపు 17 గ్రాముల పసుపు కావాలి. పప్పులోకీ కూరలోకీ చిటికెడు చొప్పున వేసుకొనే ఇంట్లో ఒక మనిషి వంతుకు అంత రావాలంటే చాలా రోజులు పడుతుంది. కనుక తాతల నాటి నుంచి తింటున్నదే కదా అనే ధీమా మాత్రకు వర్తించదు.

పైగా కర్క్యుమిన్ నీటిలో సరిగా కరగదు, ఒంటికి పట్టిన కొద్దిపాటి భాగాన్నీ పేగు గోడలు, కాలేయం త్వరగా మార్చి బయటికి పంపేస్తాయి. 1998లో బెంగళూరు పరిశోధకులు 2 గ్రాముల కర్క్యుమిన్ ఇచ్చినప్పుడు అది రక్తంలో దాదాపు కనిపించలేదు. మిరియాల్లోని పిపెరిన్‌ను 20 మిల్లీగ్రాములు తోడుచేస్తే మాత్రం లభ్యత 2,000 శాతం పెరిగింది. చాలా డబ్బాల మీద మిరియాల సారం కనిపించేది ఇందుకే. అయితే పిపెరిన్ అణచేది కాలేయంలోని ఎంజైములను కాబట్టి, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ వంటి మందులూ రక్తంలో పెరుగుతాయి. ఈ మాట డబ్బా మీద అంత పెద్ద అక్షరాలతో ఉండదు. పసుపు మాత్రలు వాడినవారిలో కాలేయ వాపు కేసులు బయటపడ్డాక ఇటలీ ప్రభుత్వం 2022లో వాటిపై హెచ్చరిక ముద్రించడం తప్పనిసరి చేసింది.

మొక్కల నుంచి తీసిన మాత్రలన్నీ వృథా అని కాదు. బంతిపూల నుంచి తీసే ల్యూటిన్, జియాజాంథిన్, జింకు తదితరాలతో కూడిన మిశ్రమం, వయసుతో వచ్చే మాక్యులా క్షీణత (కంటి రెటీనా మధ్యభాగం దెబ్బతినే జబ్బు) మధ్యస్థ దశకు చేరినవారిలో వ్యాధి ముదరడాన్ని నెమ్మదింపజేస్తుంది. ఆ జబ్బు లేనివారికి అది రాకుండా ఆపుతుందన్న ఆధారం లేదు.