కొత్త గేమ్ వస్తోందంటే ఈ బెంగ ఎక్కడిది?

పెద్ద గేమ్ ట్రైలర్ ఒకటి బయటికొస్తే ఒకప్పుడు అందరూ అడిగేది ఒకటే మాట: ఎప్పుడొస్తుంది? ఇప్పుడు దానికంటే ముందు వేరే ప్రశ్నలు వస్తున్నాయి. ఇది ఆడుతూ రికార్డు చేసిన వీడియోనా, విడిగా తయారు చేయించిందా? ఏ మెషీన్ మీద తీశారు? రివ్యూలు ముందే వస్తాయా, విడుదలయ్యేదాకా ఆపేస్తారా? సర్వర్లు ఎన్నాళ్లు నడుపుతారు? గేమ్‌ల మీద ఇష్టం తగ్గి అడుగుతున్న ప్రశ్నలు కావివి. ఏళ్ల తరబడి ఎదురుచూసినవాళ్లే అందరికంటే ముందు అడుగుతున్నారు. డబ్బు కట్టే రోజుకీ, గేమ్ నిజంగా ఎలా ఉందో తెలిసే రోజుకీ మధ్య ఉన్న దూరంలోనే ఈ బెంగ పుట్టింది. ఆ దూరం ఎలా ఏర్పడిందో చెప్పాలంటే నలభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

1982లో అమెరికాలో అటారీ 2600 కన్సోల్ (టీవీకి తగిలించి ఆడే గేమ్ మెషీన్) హవా నడుస్తోంది. 'ఇ.టి.' సినిమా ఆధారంగా గేమ్ చేసే హక్కులు తెచ్చుకున్న అటారీ, దాన్ని క్రిస్మస్ అమ్మకాలకు అందించి తీరాలని పట్టుబట్టింది. హక్కుల బేరం తేలేసరికి జూలై నెల చివరికొచ్చింది. ప్రోగ్రామర్ హోవర్డ్ స్కాట్ వార్షాకు మిగిలింది ఐదు వారాలే. ఆ కాలంలో ఒక గేమ్‌కు నెలల తరబడి సమయం ఇచ్చేవారు. పెట్టె మీది బొమ్మ చూసి, సినిమా మీద ప్రేమతో జనం కొన్నారు. ఆడితే, ఇ.టి. పాత్ర మాటిమాటికీ గోతిలో పడిపోతుంది, బయటికి తీసుకురావడమే పెద్ద పనిగా మారుతుంది. లక్షల కార్ట్రిడ్జులు (గేమ్‌ను నింపి అమ్మే ప్లాస్టిక్ డబ్బాలు) అమ్ముడుపోకుండా మిగిలాయి. వాటిలో కొన్నిటిని 1983లో న్యూ మెక్సికోలోని అలమొగోర్డో చెత్త దిబ్బలో పూడ్చిపెట్టారు. 2014లో అక్కడ తవ్వి చూస్తే అవి నిజంగానే దొరికాయి.

ఆ ఒక్క గేమే పరిశ్రమను ముంచిందని ఇప్పటికీ చెబుతుంటారు. నాకది అన్యాయంగా అనిపిస్తుంది. అప్పటికే ఎవరు పడితే వాళ్లు హడావుడిగా గేమ్‌లు చేసి షాపుల్లో కుమ్మరించారు. ఏది మంచిదో కొనేముందు తెలుసుకునే దారి లేదు. రెండు మూడుసార్లు మోసపోయాక జనం కొనడమే మానేశారు. 1983లో సుమారు 320 కోట్ల డాలర్లుగా ఉన్న అమెరికా హోమ్ వీడియో గేమ్ వ్యాపారం 1985 నాటికి 10 కోట్ల డాలర్ల దగ్గరికి పడిపోయిందని లెక్కగడతారు. కొనేవాళ్ల నమ్మకం పోతే ఏమవుతుందో పరిశ్రమకు అప్పుడే తెలిసింది.

నింటెండో ఆ పాఠం నేర్చుకుని 1985లో అమెరికాలో అడుగుపెట్టింది. తమ అనుమతి లేని కార్ట్రిడ్జ్ పనిచేయకుండా కన్సోల్ లోపల ఒక లాక్ చిప్ పెట్టింది. బయటి పబ్లిషర్లు ఏడాదికి ఐదు గేమ్‌లకు మించి విడుదల చేయకూడదని షరతు విధించింది. పెట్టె మీద నాణ్యతా ముద్ర వేసింది. ముద్ర ఉన్న ప్రతి గేమూ బాగుండేదని కాదు, పేలవమైనవి చాలానే వచ్చాయి. కానీ ఆ పద్ధతిలో ఒక మేలు ఉంది. కార్ట్రిడ్జ్ ఫ్యాక్టరీ దాటాక అందులో ఒక్క అక్షరం కూడా మార్చడం కుదరదు. తప్పు మిగిలిపోతే శాశ్వతంగా మిగిలిపోతుంది, నష్టం పబ్లిషర్‌దే. గేమ్ ఎలా ఉన్నా, పూర్తయ్యాకే బయటికొచ్చేది.

ఆ కట్టుబాటు ఇంటర్నెట్ వచ్చాక సడలింది. కంప్యూటర్ గేమ్‌లకు ప్యాచ్‌లు, అంటే విడుదలయ్యాక వచ్చే సవరణలు, ముందునుంచీ ఉన్నాయి. 2002లో ఆన్‌లైన్ సేవ ఎక్స్‌బాక్స్ లైవ్ రావడం, 2005, 2006 సంవత్సరాల్లో ఎక్స్‌బాక్స్ 360, ప్లేస్టేషన్ 3 రావడంతో ఆ అలవాటు కన్సోళ్లకూ పాకింది. దీన్ని చెడుగా చూడలేం. విడుదల తర్వాత బయటపడిన లోపాన్ని సరిచేసే వీలు ఉండటం మంచిదే. అయితే ఆర్థిక సంవత్సరం ముగింపు, పండగ సీజన్, ముందే బుక్ చేసిన ప్రకటనలు కదలవు. తర్వాత సరిచేయొచ్చన్న వెసులుబాటు దొరికాక, తేదీకీ నాణ్యతకీ పోటీ పడిన ప్రతిసారీ తేదీ గెలవడం సులువైంది.

ప్రీ-ఆర్డర్ కథ ఇంకాస్త విచిత్రం. షాపులో పెట్టెలు అయిపోతాయేమోనన్న భయంతో మొదలైన పద్ధతి అది. ముందే కొంత కట్టి ఉంచితే మన కాపీ మనకు దొరుకుతుంది. డౌన్‌లోడ్ చేసుకునే గేమ్‌కు స్టాక్ అయిపోవడం ఉండదు. అయినా ప్రీ-ఆర్డర్ పోలేదు. ముందే కొంటే ప్రత్యేక దుస్తులు, ఆయుధాలు, మూడు రోజులు ముందుగా ఆడే అవకాశం అంటూ కొత్త ఆశలు చూపించారు. బర్రెను నీళ్లలో ఉంచి బేరమాడటం అంటామే, సరిగ్గా అదే.

నీళ్లలోంచి బయటికొచ్చాక ఏం కనిపించిందో 2013 నుంచి వరసగా చూశాం. ఆ ఏడాది ఫిబ్రవరిలో వచ్చిన 'ఏలియన్స్: కలోనియల్ మెరైన్స్' అంతకుముందు చూపించిన డెమోకు ఎక్కడా పోలిక లేకుండా ఉందని కొన్నవాళ్లు అమెరికాలో కోర్టుకెళ్లారు. మార్చిలో 'సిమ్‌సిటీ'ని ఒంటరిగా ఆడుకుందామన్నా సర్వర్ కావాలన్నారు, ఆ సర్వర్లేమో రోజుల తరబడి సరిగా పనిచేయలేదు. 2014 నవంబరులో 'అసాసిన్స్ క్రీడ్ యూనిటీ' రివ్యూలు, గేమ్ అమ్మకానికి వచ్చిన కొన్ని గంటల తర్వాతే బయటపెట్టాలని షరతు పెట్టారు. ముఖం మాయమై కళ్లూ పళ్లూ మాత్రమే కనిపించే పాత్రల బొమ్మలు అంతటా తిరిగాయి. గేమ్ చేసిన యూబీసాఫ్ట్ క్షమాపణ చెప్పి, సీజన్ పాస్ (తర్వాత వచ్చే అదనపు భాగాలకు ముందే కట్టే ప్యాకేజీ) కొన్నవాళ్లకు మరో గేమ్ ఉచితంగా ఇచ్చింది.

2015 జూన్‌లో కంప్యూటర్ గేమ్‌ల ఆన్‌లైన్ షాపు స్టీమ్ రిఫండ్ పద్ధతి తెచ్చింది: కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం రెండు గంటలు దాటకపోతే డబ్బు వెనక్కి. అదే నెలలో 'బ్యాట్‌మన్: ఆర్ఖమ్ నైట్' పీసీ వెర్షన్ ఎంత అధ్వానంగా వచ్చిందంటే, వార్నర్ బ్రదర్స్ రోజు తిరిగేసరికి అమ్మకం ఆపేసింది. అది మళ్లీ షాపుకెక్కింది అక్టోబరులో. చిన్న నియమమే గానీ, నా లెక్కలో ఈ మొత్తం చరిత్రలో కొనేవాళ్లకు దొరికిన గట్టి ఆసరా ఈ రిఫండే.

2016 ఆగస్టులో వచ్చిన 'నో మ్యాన్స్ స్కై' గాయం వేరే రకం. చిన్న స్టూడియో హలో గేమ్స్, అంతులేని విశ్వం కల. ఇతర ఆటగాళ్లు ఎదురుపడతారన్న ఆశ ఇంటర్వ్యూల్లో పెరుగుతూ వచ్చింది. విడుదలయ్యాక ఇద్దరు ఆటగాళ్లు ఒకే గ్రహం మీద, ఒకే చోటికి చేరుకున్నారు, ఒకరికొకరు కనిపించలేదు. ఆ తర్వాత స్టూడియో మాటలు తగ్గించి పని చేసింది. 2018 జూలైలో 'నెక్స్ట్' అప్‌డేట్‌తో పూర్తి స్థాయి మల్టీప్లేయర్ తెచ్చింది, అదీ ఉచితంగా. ఆ పట్టుదలంటే నాకు గౌరవం. కానీ పరిశ్రమలో కొందరు దాన్నుంచి వేరే పాఠం తీసుకున్నారేమోననే అనుమానం: ముందు అమ్ముదాం, మంచి పేరు తర్వాతైనా సంపాదించుకోవచ్చు.

'సైబర్‌పంక్ 2077' దగ్గర కాస్త ఆగాలి, ఈరోజు జనం తీసుకునే ప్రతి జాగ్రత్తకూ కారణం అందులో ఉంది. ఆ గేమ్ చేసిన కంపెనీ సీడీ ప్రాజెక్ట్ దాన్ని 2012లో ప్రకటించింది. విడుదల 2020 ఏప్రిల్ 16 అన్నారు, తర్వాత సెప్టెంబరు, ఆ తర్వాత నవంబరు. అక్టోబరు మొదట్లో గేమ్ 'గోల్డ్' అయిందని చెప్పారు. డిస్కులు ముద్రించడానికి సిద్ధం అని ఆ మాటకు అర్థం. ఒకప్పుడు గోల్డ్ అంటే ఇక వాయిదా లేనట్టే. అదే నెలాఖరులో మళ్లీ వాయిదా వేసి డిసెంబరు 10 అన్నారు. తప్పనిసరి ఓవర్‌టైమ్ ఉండదని మాటిచ్చిన స్టూడియో, అంతకు కొద్ది వారాల ముందే ఉద్యోగులను వారానికి ఆరు రోజులు పనిచేయమంది.

విడుదలకు ముందే 80 లక్షల ప్రీ-ఆర్డర్లు వచ్చాయి. రివ్యూ రాసేవాళ్లకు పీసీ వెర్షన్ మాత్రమే ఇచ్చారు, వాళ్లు స్వయంగా రికార్డు చేసిన వీడియో చూపడానికి ఒప్పుకోలేదు. ప్లేస్టేషన్ 4 లాంటి పాత కన్సోళ్ల మీద గేమ్ బాగానే నడుస్తోందని పెట్టుబడిదారులకు చెప్పారు. ప్లేస్టేషన్ 4 మీద అది ఎలా నడుస్తుందో కొన్నవాళ్లకు తెలిసింది కొన్నాకే. వారం తిరిగేసరికి ప్లేస్టేషన్ కంపెనీ సోనీ దాన్ని తన స్టోర్ నుంచి తీసేసి రిఫండ్లు ఇస్తానని ప్రకటించింది. ఆరు నెలల తర్వాతే మళ్లీ అమ్మకానికి పెట్టింది. 2023 సెప్టెంబరులో 2.0 అప్‌డేట్ వచ్చాక అది నిజంగా మంచి గేమ్ అయింది. మొదటి రోజు పూర్తి ధర పెట్టినవాళ్లు దానికి దాదాపు మూడేళ్లు ఎదురుచూశారు.

గేమ్ బాగుంటే చాలదన్న సంగతి కూడా ఈలోగా తెలిసొచ్చింది. 2017లో 'స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2' పూర్తి ధరకు అమ్ముతూనే లూట్ బాక్సులు (లోపల ఏముందో తెలియకుండా కొనే పెట్టెలు) పెట్టింది. గొడవ ముదిరాక పబ్లిషర్ ఈఏ విడుదలకు ముందురోజు రాత్రి ఆ కొనుగోళ్లను ఆపేయాల్సి వచ్చింది. సోనీ 'కాంకార్డ్' 2024 ఆగస్టు 23న వచ్చి సెప్టెంబరు 6న మూతపడింది. మూన్నాళ్ల ముచ్చటే అయినా డబ్బు వెనక్కిచ్చారు. 'ద క్రూ' కొన్నవాళ్లకు ఆ ఊరట కూడా సరిగా దక్కలేదు. 2014లో వచ్చిన ఆ గేమ్ సర్వర్లను 2024 మార్చి ఆఖరున ఆపేస్తే, డబ్బు పెట్టి కొన్నది ఇక తెరుచుకోదు. దాంతో మొదలైన 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' ఉద్యమం యూరోపియన్ యూనియన్‌కు పెట్టిన అర్జీ మీద సంతకాలు 2025 జూలైలో పది లక్షలు దాటాయి.

వాయిదా వార్తను జనం తీసుకునే తీరు కూడా మారింది. 'జీటీఏ 6' కోసం, అంతకుముందు భాగం వచ్చిన 2013 నుంచి ఎదురుచూస్తున్నవాళ్లున్నారు. 2025 అన్నది 2026 మే 26కు, అక్కడి నుంచి నవంబరు 19కి జరిగింది. బాధపడుతూనే, సగం వండినది వద్దు, టైమ్ తీసుకోండి అన్నవాళ్లు చాలామంది కనిపించారు. మూడుసార్లు వాయిదా పడిన 'సైబర్‌పంక్' ఎలా వచ్చిందో గుర్తున్నవాళ్లకు అంత ధీమా లేదు.

2025 మేలో 'జీటీఏ 6' రెండో ట్రైలర్ వచ్చింది. పేరు చెబితే చాలు, కోట్ల మంది చూసే సిరీస్ అది. అయినా గేమ్ చేస్తున్న రాక్‌స్టార్ ఒక వివరం విడిగా చెప్పింది: ఇదంతా ప్లేస్టేషన్ 5 మీద గేమ్ లోపలే తీసింది, ఆట దృశ్యాలూ కథ దృశ్యాలూ చెరిసగం. అది విన్నాక అభిమానులు ట్రైలర్‌ను మళ్లీ మొదటి నుంచి, ఒక్కో ఫ్రేమూ ఆపుతూ, ఏ సగం ఏదో వెతకడం మొదలుపెట్టారు.