ఏడీహెచ్‌డీ: బడి పిల్లల్లో గుర్తించడానికి అడ్డుపడే అపోహలు

అపోహ: ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం కనిపించే పరిస్థితి) అంటే ఒక్కచోట కుదురుగా కూర్చోకుండా అల్లరి చేసే మగపిల్లల సమస్య.

వాస్తవం: ఏకాగ్రత లోపమే ప్రధానంగా ఉండే పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, తరగతిలో చప్పుడు చేయకుండా కూర్చుంటారు కాబట్టి వారిపై ఫిర్యాదు రాదు, ఫిర్యాదు లేదు కాబట్టి డాక్టరు దగ్గరకూ ఆలస్యంగానే వస్తారు. అలాంటి పిల్లల లెక్కల నోటు పుస్తకం తెరిచి చూస్తే, మొదటి మూడు లెక్కలు సరిగ్గా ఉంటాయి, నాలుగోదాంట్లో తీసివేత గుర్తు ఉన్నా కూడిక చేసి ఉంటుంది, ఆ తరువాతి లెక్క మొదలే పెట్టి ఉండరు. అదే లెక్కను పక్కన కూర్చోబెట్టుకుని అడిగితే తడుముకోకుండా నోటితో చెప్పేస్తారు. ఈ తేడాను కనిపెట్టిన టీచరు మాట డాక్టరుగా నాకు ఏ ప్రశ్నావళి కంటేనైనా ఎక్కువ ఉపయోగపడుతుంది.

అపోహ: గంటల తరబడి ఫోన్ చూసే పిల్లవాడికి ఏకాగ్రత లేదనడం ఎలా కుదురుతుంది?

వాస్తవం: ఫోన్‌లో క్షణానికో కొత్త దృశ్యం వస్తుంది కనుక అక్కడ మనసు నిలపడానికి ఏ ప్రయత్నమూ అక్కర్లేదు. తనకు ఆసక్తి లేని పనిని మొదలుపెట్టి, మధ్యలో వదలకుండా ముగించడంలోనే ఈ పిల్లల ఇబ్బంది బయటపడుతుంది.

అపోహ: గారాబం వల్ల, తీపి ఎక్కువగా తినడం వల్ల వస్తుంది.

వాస్తవం: ఇది మెదడు ఎదుగుదలకు సంబంధించిన పరిస్థితి, ఇందులో వంశపారంపర్య ప్రభావం బలంగా ఉంటుంది. చక్కెర దీనికి కారణమని పరిశోధనల్లో రుజువు కాలేదు. అత్తింటివారి నిందలు మోస్తూ వచ్చే తల్లులకు ఈ మాట ముందుగా చెప్పడం నా బాధ్యత అనుకుంటాను.

అపోహ: స్కాన్ తీస్తే తెలిసిపోతుంది.

వాస్తవం: దీన్ని నిర్ధారించే స్కాన్ గానీ రక్తపరీక్ష గానీ లేదు. మానసిక సమస్యల నిర్ధారణకు డాక్టర్లు వాడే అమెరికా మార్గదర్శక గ్రంథం, 2013లో వెలువడిన డీఎస్‌ఎం-5 ప్రకారం, ఏకాగ్రత లోపానికి చెందిన 9 లక్షణాల్లో గానీ, అతి చురుకుదనం, తొందరపాటులకు చెందిన 9 లక్షణాల్లో గానీ కనీసం 6 ఉండాలి. అవి 6 నెలలకు తగ్గకుండా కొనసాగాలి, కొన్నయినా 12 ఏళ్ల లోపే మొదలై ఉండాలి, ఇల్లు, బడి వంటి రెండు చోట్లయినా కనిపించాలి, చదువునో స్నేహాలనో దెబ్బతీస్తూ ఉండాలి. బడిలో మాత్రమే కనిపిస్తే చూపు, వినికిడి, చదవడంలో ఇబ్బంది, టీచరంటే భయం, ఇవన్నీ ముందు పరిశీలించాలి. తెలుగు మీడియం నుంచి ఒక్కసారిగా ఇంగ్లీషు మీడియంలోకి మారిన పిల్లలు పాఠం అర్థంకాక దిక్కులు చూడడాన్ని కూడా ఏడీహెచ్‌డీగా పొరబడే ప్రమాదం ఉంది. రాత్రి గురకపెట్టి, నిద్ర చాలని పిల్లలూ పగలు ఇలాగే ఉంటారు. పిలిచినా, తట్టినా పలకకుండా కొన్ని క్షణాలు చూపు నిలిచిపోతుంటే అది ఒక రకమైన మూర్ఛ కావచ్చు, వెంటనే డాక్టరుకు చూపించాలి.

అపోహ: పెద్దయితే దానంతట అదే పోతుంది.

వాస్తవం: పరుగులు, గెంతులు వయసుతో తగ్గవచ్చు గానీ, మతిమరుపు, పనులు వాయిదా వేయడం చాలామందిలో పెద్దయ్యాకా మిగిలిపోతాయి. అందుకే అనుమానం ఉన్నప్పుడు పిల్లల మానసిక వైద్యులను గానీ, పిల్లల ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో నడిచే సత్వర చికిత్సా కేంద్రాన్ని గానీ సంప్రదించండి. ఎవరిని కలవాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.